హులిగెప్ప చెవుడు తగ్గిన వైనం

మహాదేవి దరఖాస్తు పెట్టినప్పుడు ఒక మండలి ఉండేది. ఆ దరఖాస్తు పరిశీలనకు వచ్చేసరికి ఆ మండలి పోయి ఇంకో మండలి వచ్చింది. వినికిడి పరీక్షలు చేసేవాళ్ళకు గుర్తింపు ఇచ్చే ఈ పెద్దలు నిబంధనలు మార్చినంత తరచుగా బ్రూస్‌పేటలో బట్టల కొట్లవాళ్ళు అద్దాల్లో బొమ్మలకు చీరలు కూడా మార్చరు. మొదట డిగ్రీ ఉంటే చాలన్నారు. పంపితే, ఆ డిగ్రీ పేరు మారిపోయింది కాబట్టి పాత పేరుతో ఉన్నది చెల్లదన్నారు. రెండూ ఒకటేనని యూనివర్సిటీ చుట్టూ తిరిగి తిరిగి రాయించుకొస్తే, ఇప్పుడు డిగ్రీ ముఖ్యం కాదు, గది ముఖ్యం అన్నారు.

బయటి చప్పుడు లోపలికి రాని గది కావాలట. ఆమె సెంటరు ఉన్నదేమో గాజుల కొట్టు మేడ మీద. కింద రోజంతా ఆటోల హారన్లు, బేరాలు, తిట్లు. మహాదేవి మొండిది. వడ్రంగిని పిలిపించి హాలు మధ్యలో చెక్కపెట్టె లాంటి గది కట్టించింది, లోపల పరుపులు అతికించింది, ఒక పక్క మందపాటి అద్దం పెట్టించింది. అంతా అయ్యాక ఆ గదిని చూడ్డానికి ఒక్క నరమానవుడు రాలేదు. ఈలోగా నిబంధన మళ్ళీ మారింది.

ఈసారి ప్రాక్టికల్ పరీక్ష. బెంగళూరు నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఇదివరకు మహాదేవి పరీక్షించిన మనిషినే ఆయన ఎదుట మళ్ళీ పరీక్షించాలి. పాత ఫలితం, కొత్త ఫలితం సరిపోవాలి. సరిపోతే గుర్తింపు. లేకపోతే నెలాఖరుకు సెంటరుకు తాళం. మహాదేవికి నిద్ర పట్టలేదు. బండ్రి అనే పల్లెలో లారీలు నడిపేవాళ్ళ ఇంట్లో పుట్టి, ఇంజన్ల రొదకి నాన్న చెవులు పోతుంటే చూసి, పట్టుబట్టి చదివిన చదువు ఇది. ఇది పోతే ఆమెకు ఇంకో పని చేతకాదు, చెయ్యాలనీ లేదు.

ఎవర్ని కూర్చోబెట్టాలా అని ఆలోచించి హులిగెప్పను ఎంచుకుంది. మామూలు మనుషుల చెవుడుకు నిలకడ ఉండదు. జలుబు చేస్తే పెరుగుతుంది, గుబిలి తీస్తే తగ్గుతుంది. హులిగెప్పది అట్లాంటిది కాదు. యశ్వంతనగర్ గని దగ్గర ఇనుపరాళ్ళు నలగ్గొట్టే క్రషర్ పక్కన ఏళ్ళ తరబడి నిలబడి సంపాదించుకున్న చెవుడు. ఎన్నిసార్లు కొలిచినా వెంట్రుకవాసి తేడా రాలేదు.

"హులిగెప్పన్నా, సోమవారం ఒకసారి రావాల. నాకు పరీక్ష ఉండాది," అని అతని ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేట్టు చెప్పింది.

"మీకా? నేనొచ్చి కూర్చుంటే మీరు పాసవుతారా?"

"ఊ."

"అట్లయితే చింత బేడ, దిగులే వద్దు మేడమ్మా. మిమ్మల్ని పాసు చేసే పూచీ నాది."

ఆ పూచీ ఏమిటో ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

గనిలో ఏడాదికోసారి వైద్యపరీక్ష జరుగుతుంది. చెవులు పోయాయని తేలిన వాణ్ణి పనిలోంచి తప్పిస్తారు. చెవులు పోగొట్టిందీ ఆ పనే, పోయాయని తీసేసేదీ ఆ పనే. అందుకని గనివాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే, తన వంతు కోసం కాచుకున్నట్టు ఇంకొకడు ఎదుటి బెంచీ మీద కూర్చుంటాడు. వాడి చూపంతా మిషను మీది డాక్టరు వేలి మీదే. వేలు మీటను నొక్కగానే వాడు తువ్వాలుతో మీసం తుడుచుకుంటాడు. అది చూసి వీడు చప్పుడు వినపడినట్టే చేతిలో బటన్ నొక్కుతాడు. దీన్ని అక్కడ మోసం అనరు, సాయం అంటారు. ఈ విద్యలో ఆరితేరినవాడు తిప్పేస్వామి. "తిప్పేస్వామికి కండ్లుంటే మనకు చెవులెందుకప్పా" అని గనిలో ఒక మాటే పుట్టింది.

సోమవారం హులిగెప్ప ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వెంట తిప్పేస్వామి, అతని భుజాన తువ్వాలు. తోడు వచ్చాడనుకుని మహాదేవి బెంచీ చూపించింది. పరీక్షాధికారి మాధవగారు కూడా వచ్చారు. చేతిలో ట్యాబ్, మెడలో బిళ్ళ, మొహంలో అలసట. వచ్చినప్పటి నుంచి ఆయన ట్యాబ్‌లో గళ్ళు నింపుతూనే ఉన్నారు. మనుషుల వైపు చూడడానికి అందులో గడి లేదు కాబోలు.

హులిగెప్ప చెక్కగదిలో కూర్చున్నాడు. అద్దంలోంచి అతనికి మిషను కనపడదు, బెంచీ కనపడుతుంది. మహాదేవి అతనికి వినపడదని తెలిసిన చప్పుడుతో మొదలుపెట్టింది. హులిగెప్ప నొక్కాడు. ఆమె ఉలిక్కిపడి చప్పుడు తగ్గించింది. నొక్కాడు. ఇంకా తగ్గించింది. పిల్లి కూడా చెవి కదపనంత సన్నటి చప్పుడుకు సైతం హులిగెప్ప ఠంచనుగా నొక్కి, అద్దంలోంచి ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వాడు.

మిషను చెడిపోయిందా అనుకుంది. మీటను నొక్కకుండా ఊరికే వేలు కదిలించింది. బెంచీ మీద తువ్వాలు లేచింది. హులిగెప్ప నొక్కాడు. మహాదేవికి ఒక్కసారిగా అంతా అర్థమైంది.

"సార్, ఈ పరీక్ష…" అని నోరు తెరిచింది.

"ఒక్క నిమిషం," అన్నారు మాధవగారు రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని. "పాతదాంట్లో తీవ్రమైన లోపం. ఇప్పుడు నార్మల్. పోయిన వారం నిబంధన ప్రకారమైతే రెండూ సరిపోలేదు కాబట్టి మీరు ఫెయిల్."

ఆమె మిషను ఆపేసింది.

"అయితే శుక్రవారం నుంచి అది మారింది. ఇప్పుడు చూసేది సరిపోవడం కాదు, మెరుగుదల. పేషెంటు ఎంత మెరుగైతే మీకు అన్ని మార్కులు. నిజం చెప్తున్నా మేడం, ఇంత మెరుగుదల నేను ఎక్కడా చూడలేదు. ఏం చికిత్స చేశారు?"

రొదకు చచ్చిన చెవి నరం మళ్ళీ బతకదని మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. మాధవగారికీ తెలిసే ఉంటుంది, కానీ ఆయన అడుగుతున్నది గడి కోసం. మహాదేవి అద్దం వైపు చూసింది. నిజం చెబితే తన సెంటరు పోతుంది. హులిగెప్ప పని కూడా పోతుంది, ఎందుకంటే కొత్త నిబంధన ప్రకారం ప్రతి ఫలితం మండలి పోర్టల్‌లోకి ఎక్కుతుంది, దాన్ని గని ఆఫీసువాళ్ళు చూస్తారు. ఇద్దరికీ మంచిదే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. మనసు కూడా ఇట్టే ఒప్పుకుంది.

"ఓపికతో చేశాం సార్," అంది.

చికిత్స అన్న గడిలో ఆయన "ఓపిక" అని రాసుకున్నారు. ఆమె కింద సంతకం పెట్టింది.

బయటికొచ్చిన హులిగెప్ప కళ్ళతోనే అడిగాడు. ఆమె బొటనవేలు ఎత్తి చూపించింది. గనివాళ్ళిద్దరూ ఒకరినొకరు వాటేసుకున్నారు. పది రోజులకు గుర్తింపు పత్రం వచ్చింది, మెరుగుదలలో ప్రథమశ్రేణి అని ప్రత్యేకంగా అచ్చు వేసి మరీ.

మరుసటి నెల హులిగెప్ప తియ్యటి పేడాల పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వెనకే తిప్పేస్వామి.

"మేడమ్మా, మీ దయ. కంప్యూటర్లో నా చెవులు చూసి ఆఫీసోళ్ళు నన్ను క్రషర్ కాడనుంచి తీసేసినారు. ఇంగ దుమ్ము ల్యా, రొద ల్యా. రేపట్నుంచి టిప్పర్ల కాడ పని. అవి లోడుకు వెనక్కి వచ్చేటప్పుడు వాటి ఈల విని, వెనకాల నిలబడి చెయ్యి చూపిచ్చేది. హాయిగా ఉండాది."

పేడా నోటిదాకా తీసుకెళ్ళిన మహాదేవి చెయ్యి ఆగిపోయింది.

"అన్నా, టిప్పర్ వెనక్కొస్తే నీకు వినపడదు గదా."

"తిప్పేస్వామి ఉండాడు గదా మేడమ్మా. వాడు చూసుకుంటాడు."

తిప్పేస్వామి నేలకేసి చూశాడు. "నాది ఈ వారం రాత్రి షిఫ్టప్పా," అన్నాడు నెమ్మదిగా. హులిగెప్ప వెన్ను అతని వైపు ఉంది. ఆ మాట అతనికి చేరనే లేదు.

మహాదేవి చెక్కగది తలుపు తెరిచింది. "కూర్చో అన్నా. మళ్ళీ చూస్తా."

"ఏంటికి? పాసైతిమి గదా!" అన్నాడు హులిగెప్ప. ఆమె మొహం చూసి విషయం అర్థమైంది. అతని గొంతు మారింది. "మీది అయిపోయింది కాబట్టి ఇప్పుడు నాది పోగొడతారా మేడమ్మా? నేను మీకోసం రాలేదా ఆ పొద్దు?"

అతను అన్నది నిజం. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. "వచ్చినావన్నా. నేను ఆ పొద్దే చెప్పాల్సింది. నీ పని పోతే నీతో పాటు గని ఆఫీసుకొచ్చి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడతా. నువ్వు టిప్పర్ కింద పడితే నేనేం చేసేది?"

హులిగెప్ప ఆమె పెదాలను చివరిదాకా చదివాడు. తిప్పేస్వామి ముందు కదిలాడు. భుజం మీది తువ్వాలు తీసి మడిచి, హాల్లోంచి బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

హులిగెప్ప లోపలికి వెళ్ళి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఖాళీ బెంచీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె చప్పుడు పెంచుతూ పోయింది. బటన్ మీద అతని బొటనవేలు ఎంతకూ కదల్లేదు.

మాధవగారి ఎదుట చేసిన పరీక్ష తప్పని, అది తన తప్పేనని రాసి, మహాదేవి కొత్త రిపోర్టును పోర్టల్‌లో పెట్టేందుకు సిద్ధం చేసింది. ఇది చూస్తే మండలి తన గుర్తింపు లాక్కుంటుందని తెలుసు. సంతకం పెట్టేముందు రాసిందంతా రెండుసార్లు చదువుకుంది. ఆ పొద్దు అబద్ధం కింద పెట్టినప్పుడు ఒక్కసారి కూడా చదవలేదు కదా అని ఆమెకు సిగ్గేసింది.