కూలి రోగులు

ఆ సోమవారం పొద్దున ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మీదున్న ఒక ఆసుపత్రికి ముప్పై మంది ఆరోగ్యవంతులు వచ్చి మంచాల మీద పడుకున్నారు.

వాళ్ళను దేవనకొండ పక్క పల్లె నుంచి నాలుగు ఆటోల్లో కుక్కి తెచ్చినవాడు కృష్ణప్ప. పత్తి చేలకు కూలీలను తోలే మేస్త్రీ అతను. ఆ వారం చేలల్లో పని లేదు. "పనేమీ ఉండదు, పండుకోవాల, అంతే. కూలి కూలే, పైన బిర్యానీ" అని చెప్పి తీసుకొచ్చాడు. పనిలేని రోజుల్లో పడుకుంటే కూలి ఇస్తామంటే ఎవరు కాదంటారు? ఆడవాళ్ళు చీరల మీదే ఆకుపచ్చ గౌన్లు తొడుక్కుని ఒకరినొకరు చూసి పడీపడీ నవ్వుకున్నారు. వాళ్ళ చేతులకు సూది లేకుండా ఉత్త పట్టీ అంటించి, ఆ పట్టీకి సెలైన్ గొట్టం తగిలించే పని బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం పిల్లలది.

గురువారం తనిఖీ. నర్సింగ్ కాలేజీ నడవాలంటే దానికి రోగులున్న ఆసుపత్రి ఉండాలి. చైర్మన్ శివశంకర్ దగ్గర మంచాలకు కొదవలేదు, రోగులే లేరు. డాక్టరు నిలవని ఆసుపత్రికి రోగి ఎందుకొస్తాడు? అందుకని పెళ్ళికి మేళం మాట్లాడుకున్నట్టు, ఏటా తనిఖీకి రోగులను మాట్లాడుకుంటాడు. ఈసారి వచ్చేవాళ్ళు గట్టివాళ్ళని ఎవరో చెవిన వేశారు. దాంతో మూడు రోజుల ముందే ఉత్తుత్తి తనిఖీ ఒకటి పెట్టాడు. అధికారి వేషం తనే కట్టాడు.

ఆ పిల్లల్లో ఏడో మంచం చూసుకునే పని నాగవేణిది. హొళగుంద పిల్ల. వాళ్ళమ్మ కమలమ్మ కూడా ఇలాగే ఆటోల్లో పత్తి ఏరడానికి పోతుంది. ఆ మంచం మీద పడుకున్న ముత్తమ్మకు చక్కెర జబ్బు ఉన్నట్టు పొద్దున్నే కేస్ షీట్ రాసింది నాగవేణి. రక్తంలో చక్కెర రెండు వందల ఎనభై అని వేసింది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆమె పెన్నులోంచి వచ్చింది. పక్క మంచాల పిల్లలూ అదే పని చేశారు. ఒకరు కామెర్లు రాస్తే ఒకరు టైఫాయిడ్ రాశారు.

"పాపా, కడుపులో ఎలకలు ఉరుకుతాండాయి. ఆ బిర్యానీ ఏ యాళకిస్తారు?" అని అడిగింది ముత్తమ్మ.

"తనిఖీ అయినాంక పెద్దమ్మా. ముందే తింటే రోగుల మాదిరి అగుపడరంట."

"పస్తు పెట్టి రోగం తెప్పిస్తాండారా? సరేలే, పండుకుంటా."

పదకొండు దాటాక శివశంకర్ వార్డులోకి వచ్చాడు. వెనకే మేరి మేడమ్. ఆ కాలేజీ మొత్తానికి వార్డులో పని నేర్పేది ఆమె ఒక్కతే. అతను ఏడో మంచం దగ్గర ఆగి షీట్ చూశాడు.

"షుగర్ ఇంతుంటే ఇన్సులిన్ ఏదీ?"

నాగవేణి ట్రేలోంచి సిరంజి తీసింది.

"దాంట్లో ఏముంది?"

"నీళ్ళు సార్."

"నీళ్ళా! గురువారం వాళ్ళు సీసా చూపించమంటే మీ నాయన వచ్చి చూపిస్తాడా? ఫ్రిజ్‌లో ఉంది కదా, అది తీయ్. ఎంత రాసినావు, పన్నెండు యూనిట్లా? పన్నెండు నిజంగా పెట్టి చూపించు."

"సార్, ఆయమ్మకు షుగర్ ల్యా సార్. పొద్దున్నుంచి ఏమీ తినల్యా."

"షీట్ రాసిందెవరు?"

"నేనే సార్."

"రాసినదానివి చేయలేవా? పరీక్షకు కూర్చోవాలని ఉందా, ల్యాదా?"

నాగవేణి మేరి మేడమ్ వైపు చూసింది. మేడమ్ నేల చూసింది. నాగవేణి సీసాలోకి సూది గుచ్చి, పన్నెండు యూనిట్లు లాగి, ముత్తమ్మ చేతికి పొడిచింది.

ఇక్కడ ఆ పిల్లను వెనకేసుకు రావడం నావల్ల కాదు. జబ్బు లేని, తినని మనిషికి ఇన్సులిన్ ఇస్తే ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. తెలిసీ చేసింది. భయపడి చేసింది. పరుగెత్తి చక్కెర నీళ్ళు కలిపి తాపుదామనుకుంది గానీ, శివశంకర్ పిల్లలందరినీ హాల్లో నిలబెట్టి, గురువారం ఎలా నవ్వాలో, ఎలా నమస్కారం పెట్టాలో ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. తలుపు దగ్గర కాపలా మనిషి. కడుపు నొప్పి అంటే కూడా వదల్లేదు.

వదిలాక నాగవేణి ఉరికింది. ముత్తమ్మ గౌను చెమటతో తడిసి ముద్దయింది. కళ్ళు తేలేసి, నాలుక తిరగక, ఏదో గొణుగుతూ మంచం మీది నుంచి జారుతోంది. నాగవేణి నరం వెతికి, ఈసారి నిజమైన సూది గుచ్చి, గ్లూకోజు ఎక్కించింది. కొంతసేపటికి ముత్తమ్మ కళ్ళు తెరిచింది.

"ఏమి పొడిస్తివే నాకు?" అంది. నాగవేణి చక్కెర నీళ్ళ గ్లాసు ఆమె నోటికి అందించింది.

సాయంత్రం చైర్మన్ గదిలో కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. ఎవరూ చెప్పకుండానే, తన నిర్లక్ష్యం వల్ల, రోగిని చూడటానికి వచ్చిన ఒక ఆడమనిషికి నాగవేణి పొరపాటున సూది వేసిందట. సంతకం పెడితే తిట్టి వదిలేస్తారు. పెట్టకపోతే హాల్ టికెట్ రాదు, చదువు అక్కడితో సరి. అప్పటికే కమలమ్మకు ఫోన్ పోయింది. "పెట్టేయ్ మగళే, నా తల్లీ. మూడేండ్లు చదివినావు. సంతకానికేమి, ఒక గీతే కదా" అని ఏడ్చింది ఆమె.

"రేపు పెడతాను సార్" అని బయటికి వచ్చింది నాగవేణి.

హాస్టల్లో మూడో సంవత్సరం పిల్లలు ముప్పై ఎనిమిది మందీ కూర్చున్నారు. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. తనిఖీ వాళ్ళకు చెప్పేద్దాం అందొకతె. సంజన లేచి నిలబడింది. ఆదోని పిల్లే. వాళ్ళ నాన్న బడిపంతులు, ముగ్గురు ఆడపిల్లల్లో ఈమె పెద్దది.

"చెప్పండి, బాగా చెప్పండి! కాలేజీ మూసేస్తారు. మూస్తే శివశంకర్‌కేమవుతుంది? రేపు రైస్ మిల్లు పెట్టుకుంటాడు. రోడ్డున పడేది మనం. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటామా?"

"అయితే ఇది సంతకం పెట్టి సావాల్నా?" అంది నాగవేణి పక్కనున్న పిల్ల.

"నేనట్ల అన్లేదు. మూడేళ్ళు పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు అంటాండాను, అంతే."

నాగవేణికి ఆమె మీద కోపం రాలేదు. అందరి కడుపులో ఉన్నదే సంజన నోట వచ్చింది. "మీరేమన్నా చేసుకోండి. నేను మాత్రం పొద్దున్నే ముత్తమ్మ ఊరికి పోతాండాను" అంది.

పొద్దున బస్టాండుకు వెళ్ళేసరికి సంజన అక్కడ ఉగ్గాని పొట్లాలు పట్టుకుని నిలబడి ఉంది. "ఒక్కదానివే పోతే తంతారు. ఇద్దరం పోతే పంచుకోవచ్చు" అంది.

తన్నడానికి ఊరు సిద్ధంగానే ఉంది. ముత్తమ్మ మొగుడు నరసప్ప ముల్లుకర్ర పట్టుకుని వచ్చాడు. "రామ్మే, ఇప్పుడు నీకు నేను పొడుస్తా!" ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "పేదోల్లంటే పందికొక్కులనుకుంటిరా?" "మీ సదువులు తగలెయ్య!"

నాగవేణి చేతులు కట్టుకుని అన్నీ పడింది. వాళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడు మొదలుపెట్టింది. "దొంగ అంకె వేసింది నేనే. పొడిసింది నేనే. పొడవమన్నది చైర్మన్. ఇప్పుడు తప్పంతా నాదేనని సంతకం పెట్టమంటాండాడు. నా తప్పు నాకుంది పెద్దమ్మా, దానికి మీరు కొట్టినా పడతాను. ఆయన తప్పుకు మాత్రం నేను సంతకం పెట్టను."

ముత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. "మీ అమ్మ ఏం పని సేస్తాది?" అని అడిగింది.

"పత్తి ఏరను పోతాది. మీ మాదిరే, ఆటోలో."

"కర్ర కింద పెట్టప్పా" అంది ముత్తమ్మ మొగుడితో. "ఈ పాప గడ్డి తినింది, నిజమే. మనం మాత్రం? పండుకుంటే కూలి ఇస్తామంటే ఉరుక్కుంటా పోతిమి కదా."

"గురువారం మళ్ళా రమ్మన్నాడు కృష్ణప్ప. ఈ ఊర్లో ఒక్కరు కూడా పోగూడదు!" అని అరిచాడు నరసప్ప.

"పోకుంటే ఇంకో ఊరోల్లను తోలుకపోతాడు. ఆడ ఇంకో ముత్తమ్మ పండుకుంటాది. మనమే పోదాము. పోయి పండుకుందాము. ఆ సార్లు వచ్చినాంక లేద్దాము."

ముందు ఒక ముసలామె కిసుక్కున నవ్వింది. తరువాత అందరూ నవ్వారు.

తనిఖీ అయినాక సంతకం పెడతానని నాగవేణి చైర్మన్‌ను ఆపింది. బుధవారం కొత్త కేస్ షీట్లు రాయాలి. దస్తూరి బాగుంటుందని ఆ పని సంజనకు అప్పగించాడు చైర్మన్. ఆమె పక్కన పదిమంది కూర్చున్నారు. మేరి మేడమ్ వచ్చి పైనున్న కాగితం చేతికి తీసుకుంది. "పేరు ముత్తమ్మ. జబ్బు లేదు. కూలికి తెచ్చినారు. సోమవారం ఇన్సులిన్ ఇచ్చినందువల్ల స్పృహ తప్పింది. ఇచ్చినది నాగవేణి. ఇమ్మన్నది చైర్మన్." ముప్పై షీట్లలోనూ జబ్బు లేదనే ఉంది. మేడమ్ దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆమె పెన్ను తీసి కింద ఒక వాక్యం చేర్చింది: "చూస్తూ ఊరుకున్నది మేరి." కాగితాన్ని బోర్లించి పెట్టి వెళ్ళిపోయింది.

గురువారం తనిఖీకి ముగ్గురు వచ్చారు. అందులో పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని నేరుగా ఏడో మంచం దగ్గరికి నడిచింది. "ఏం బాధమ్మా నీకు?"

"బాధేమీ ల్యా తల్లీ. కూలికి వచ్చినాను."

ముత్తమ్మ చేతి పట్టీ పీకి, సెలైన్ గొట్టం పక్కన పడేసి, మంచం దిగి నిలబడింది. ఎనిమిదో మంచం దిగింది. తొమ్మిది, పది దిగాయి. అవతలి మగవాళ్ళ వార్డులో నరసప్ప గొంతు "లేయండప్పా!" అని వినపడింది, ఆ వెంటే నేల మీద పాదాల చప్పుడు. ఆ వార్డుల్లో ఒక్కరు కూడా పడుకుని లేరు.

"షుగర్ ఎక్కువై మతి చెదిరింది మేడమ్" అన్నాడు శివశంకర్.

"ఒకరికి సెదురుతాది. ముప్పై మందికీ ఒకేసారి సెదురుతాదా సామీ?" అంది ముత్తమ్మ.

పెద్దావిడ ఇబ్బందిగా గడియారం చూసుకుంది. "సరే, ఆఫీసు గదిలో కూర్చుని మాట్లాడుకుందాం."

అప్పుడు తెల్లకోట్ల పిల్లలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఈడనే రాయండి మేడమ్. ఆఫీసులో టీ తాగితే రాత మారిపోతాది" అంది వాళ్ళలో ఒకతె. నాగవేణి ఏడో మంచం షీట్ తెచ్చి పెద్దావిడ చేతికిచ్చింది. ఆవిడ చదివి తలెత్తింది.

"ఇందులో నీ పేరూ ఉందే. నీ చదువు పోవచ్చు, తెలుసా?"

"తెలుసు మేడమ్. నా పేరు తీసేస్తే అది కూడా దొంగ షీటే అవుతాది."

ఆవిడ నిలబడే రాసింది. అందరూ చూస్తుండగా రాసింది.

శివశంకర్ ఊరుకుంటాడా? మధ్యాహ్నానికల్లా కేసు పెట్టించాడు. కూలి మనిషి ప్రాణం మీదికి తెచ్చిందని నాగవేణిని జీపు ఎక్కించారు. ఇమ్మన్నవాడు ఏసీ గదిలోనే ఉన్నాడు. పిల్లలూ పల్లెజనమూ జీపు వెంట స్టేషను దాకా నడిచి, మరునాడు బెయిలు ఇచ్చేదాకా గేటు కదల్లేదు. కమలమ్మ హొళగుంద నుంచి వచ్చి కూతురి ముఖం తడిమింది.

"సదువు పోయిందా?"

"తెలీదమ్మా."

"ఆయమ్మ బతికింది కదా. పా, ఏమన్నా తిందువు."

పన్నెండో రోజు ఉత్తర్వు వచ్చింది. కాలేజీకి అనుమతి రద్దు. పిల్లల్ని ఎమ్మిగనూరులోని ఇంకో కాలేజీకి మారుస్తారు, చదువులు ఆగవు. బస్సు కూడా పంపారు. ఉత్తర్వు తెచ్చిన అధికారి మెట్టు మీద నిలబడి పేర్లు చదివాడు. మూడో సంవత్సరం జాబితాలో ముప్పై ఏడు పేర్లు. నాగవేణి పేరు లేదు.

గేటు పక్కన నిలబడి నాగవేణి అన్ని పేర్లూ విన్నది. ఇలా జరుగుతుందని తనకు తాను వంద సార్లు చెప్పుకుంది. అయినా తట్టుకోలేకపోయింది.

"ఆ అమ్మాయి మీద విచారణ ఉంది. అది తేలేదాకా కుదరదు" అన్నాడు అధికారి. "ఎక్కండమ్మా, ఎక్కండి."

సంజన సంచి కింద పెట్టింది. "అయితే అందర్నీ విచారించండి సార్. దొంగ షీట్లు మేమందరం రాసినాము. సూది దాని చేతికి వచ్చింది, అంతే. నా మంచానికి వచ్చింటే నేనూ పొడిసేదాన్నే."

"అనవసరంగా భవిష్యత్తు పాడు చేసుకోకు."

"దాని పేరు ల్యాని జాబితా మాకొద్దు సార్."

నాగవేణి పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "పోవే, నీకు దండం పెడతా! మీ చెల్లెళ్ళున్నారు. మూడేండ్లు పోగొట్టుకుంటావా?"

"నోరు మూసుకోని ఈడ కూర్చో!" అని గదమాయించి, సంజన బస్సు ముందు చతికిలబడింది. ఎక్కినవాళ్ళు దిగారు. తెల్లకోట్లన్నీ రోడ్డు దుమ్ములో కూర్చున్నాయి. మేరి మేడమ్ వచ్చి చివరి వరసలో కూర్చుంది. కొంతసేపటికి దేవనకొండ వైపు నుంచి నాలుగు ఆటోలు వచ్చాయి. ఈసారి బాడుగ పల్లె జనమే వేసుకున్నారు. ముత్తమ్మ దిగి, కొంగు బిగించి, నాగవేణి పక్కన చోటు చేసుకుంది.

అధికారి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. డ్రైవరుతో "హారన్ కొట్టు" అన్నాడు. డ్రైవరు ఒకసారి కొట్టాడు. ఎవరూ లేవలేదు. అతను ముందున్న జనాన్ని కాసేపు చూసి, ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకుని కిందికి దిగాడు. దిగి వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.