మా ఇంట్లో ముగ్గురమే

పెద్దమ్మాయికి పొద్దున లేవగానే చెల్లెల్ని తిట్టడం అలవాటు. బకెట్ నిండి నీళ్ళు పోతున్నాయనో, దువ్వెనలో వెంట్రుకలు వదిలేసిందనో, ఏదో ఒకటి దొరికేది. తిట్టడం అయ్యాక తనే చెల్లెలికి జడ వేసి, డబ్బా సర్దుకుని లాండ్రీకి పరుగెత్తేది. అక్కడ రోజంతా ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసేది. నాన్న టైర్ల కొట్లో పంక్చర్లు వేస్తాడు గాని, అదీ మోకాళ్ళు సహకరించిన రోజునే. ఇల్లు గడిచేది పెద్దమ్మాయి జీతంతోనే.

చిన్నమ్మాయికి ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు ఎంతో విని నాన్నకు చెమటలు పట్టాయి. ఇల్లు అమ్ముదామంటే అది అద్దె ఇల్లు. పేదపిల్లలకు కాలేజీవాళ్ళే ఆర్థిక సాయం చేస్తారని, ముందు ఒక ఆఫీసరు ఇంటికొచ్చి చూసి వెళతాడని తెలిసింది. పక్కింటి టైలర్ కొడుకు అలాగే చదివాడు. అమ్మ వెళ్ళి అడిగితే టైలర్ కత్తెర పక్కన పెట్టి గొంతు తగ్గించాడు.

"సంపాదించేవాళ్ళు ఇద్దరుంటే సాయం రాదమ్మా. ఒకరి సంగతి చెప్పకండి. మేం మా బావమరిది సంగతి చెప్పలేదు."

"ఆయన ఇప్పుడెక్కడున్నారు అన్నయ్యా?"

"ఇక్కడే ఉన్నాడుగా," అని టైలర్ ఖాళీ స్టూలు వైపు చూపించాడు. అమ్మ మర్యాదగా ఆ స్టూలుకి కూడా వెళ్ళొస్తానని చెప్పి బయల్దేరింది.

ఆఫీసరు వచ్చిన రోజు ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది పెద్దమ్మాయే. ఆయన గ్లాసు అందుకుంటూ, "ఇంట్లో ఎంతమంది?" అన్నాడు.

"ముగ్గురమే సార్." అమ్మ గొంతు వణికింది.

ఆఫీసరు నీళ్ళు తాగి గ్లాసు వెనక్కిచ్చాడు. ఆయన చూపు పెద్దమ్మాయిని దాటుకుని గోడ మీదికి పోయింది. మరి ఈ నీళ్ళు ఎవరు తెచ్చారని అడగలేదు. అలాంటివి అడిగేవాళ్ళను ఆ ఉద్యోగంలో పెట్టుకోరు.

సాయం మంజూరైంది. పెద్దమ్మాయి మొదట అద్దంలో కనిపించడం మానేసింది, తర్వాత వీధిలో, ఆ తర్వాత ఇంట్లో. వీధివాళ్ళెవరూ వింతపడలేదు. "చిన్నదానికి సాయం వచ్చిందటగా, మంచిదే," అన్నారు. లాండ్రీలో దుప్పట్లు ఎప్పటిలాగే మడతలు పడేవి. యజమాని బల్ల చివర జీతం పెడితే అది ఇంటికి చేరేది. పొద్దున చిన్నమ్మాయి కూర్చోగానే జడ బిగిసేది. కొన్నాళ్ళు తిట్లు కూడా వినిపించాయి. పోనుపోను అవి గొణుగుడులోకి దిగాయి, ఒకరోజు అవీ ఆగిపోయాయి. ఆ రోజు చిన్నమ్మాయి కావాలనే కుళాయి కట్టకుండా నిలబడింది. నీళ్ళు గచ్చంతా పారాయి. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నమ్మాయికి చాలా భయమేసింది.

అమ్మను చూస్తే ఇంకా భయమేసేది. మొదట్లో అమ్మ నాలుగో కంచంలో వడ్డించి కళ్ళు తుడుచుకునేది. ఏడాది తిరిగేసరికి మూడే పెడుతోంది.

"మరి అక్కకో?"

"ఏ అక్కకే?" అంది అమ్మ, నిజంగానే అర్థంకాక. నాన్న నోటి దాకా వచ్చిన ముద్ద ఆపి, ఏదో గుర్తు తెచ్చుకోబోయి, వదిలేసి తినేశాడు.

సాయం రెండో ఏడాదీ అందాలంటే ఆఫీసరు మళ్ళీ వచ్చి చూడాలి. వచ్చాడు. చిన్నమ్మాయి మార్కులు చూసి మెచ్చుకున్నాడు.

"నేనూ ఇదే కాలేజీ, ఇదే సాయం," అన్నాడు. "మా గుమ్మం దగ్గర ఎప్పుడూ ఒక జత చెప్పులు ఎక్కువుండేవి. ఎవరివో నాకిప్పటికీ తెలీదు. మా అమ్మకీ తెలీదు. కానీ పోయేముందు వాటిని తెప్పించుకుని పక్కలో పెట్టుకుంది." కాసేపు కలం మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు. "సరే, ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురమే సార్," అంది అమ్మ. ఈసారి గొంతు వణకలేదు.

చిన్నమ్మాయి నోరు తెరిచింది. వెంటనే ఒక అరచెయ్యి వచ్చి ఆ నోరు గట్టిగా మూసేసింది. కాయలు కాచిన చెయ్యి, వేడిగా ఉంది. ఇంకొంచెం ఓపిక పడితే చదువైపోతుంది కదే అని ఆ చెయ్యి బతిమాలుతున్నట్టే ఉంది. చిన్నమ్మాయికి దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ముద్దు పెడితే ఆ చెయ్యి వదలదు. అందుకని కసుక్కున కొరికింది.

"నలుగురం సార్! మా అక్క లాండ్రీలో పనిచేస్తుంది. దాని జీతంతోనే మేం తింటున్నాం."

"సాయం ఆగిపోతుందమ్మా. ఆలోచించుకో."

"ఆలోచించుకునే చెప్తున్నా. నలుగురం."

ఆఫీసరు రాసింది కొట్టేసి, నాలుగు వేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

కుర్చీ వెనక పెద్దమ్మాయి నిలబడి ఉంది. చిక్కి సగమైంది. కొరికిన చెయ్యి ఒత్తుకుంటోంది. నాన్న ఆమెను పట్టుకుని బావురుమన్నాడు. "నీకేమైనా పిచ్చా? ఇంక ఫీజు ఎవరు కడతారే!" అని పెద్దమ్మాయి చెల్లెలి మీద విరుచుకుపడింది.

చిన్నమ్మాయి ఆ కాలేజీ మానేసి, పొద్దున అక్కతోపాటు లాండ్రీకి, సాయంత్రం ఫీజు తక్కువుండే ఇంకో కాలేజీకి వెళుతోంది. కంచాలు మళ్ళీ నాలుగయ్యాయి. చాలా రోజులు అమ్మ బాగానే ఉంటుంది. ఎప్పుడైనా ఒకరోజు మాత్రం వడ్డిస్తూ పెద్దమ్మాయి దగ్గర ఆగి, మొహంలోకి చూసి నవ్వుతుంది.

"మొహమాటపడకమ్మా, కడుపునిండా తిను. మీ ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తుంటారేమో, చీకటి పడకముందే వెళ్ళు."

"అలాగేనండి," అంటుంది పెద్దమ్మాయి. తల వంచుకుని, పెట్టినదంతా తింటుంది.