పచ్చ ఈనె

మేస్త్రి గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని, రాళ్ల సందుల్లోని పాత సున్నాన్ని సన్నటి ఉలితో గీకుతున్నాడు. రాలిన పొడి మోకాళ్ల మీద పడి, ప్యాంటు మడతల్లోకి జారుతోంది. అరవై దాటిన చేతులు. వేళ్లు ఎంత తోమి కడిగినా గోళ్ల అంచుల్లో తెల్లటి గీత పోదు. "నీకు గోళ్లరంగు ఖర్చు తప్పిందయ్యా" అంటుంది పెళ్లాం.

ఆవిడదీ ఈ తోటలోనే పని. ఎండ పడని ఈ పొడుగాటి గోడా, దాని సందుల్లో మొలిచే ఫెర్నులూ ఆవిడ వంతు. అందుకే తోటలో అందరికీ ఆవిడ గోడమ్మ. మొగుడేమో సందులు పూడ్చేవాడు, పెళ్లామేమో సందుల్లో మొక్కలు పెంచేది. వీళ్ల కాపురం ఇన్నేళ్లు ఎలా సాగిందో ఆ గోడనే అడగాలి.

ఆ ఫెర్నులు రెండు రకాలు. రెండూ జానెడు మించవు. వెంట్రుకంత ఈనెకు అటూ ఇటూ గుండీలు కుట్టినట్టు చిట్టి ఆకులు. ఒకదాని ఈనె మొదలు నుంచి కొస దాకా నలుపే. అది పిలవని పేరంటంలా ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. రెండోదానికి మొదట్లోనే నలుపు, పైకి పోయేకొద్దీ లేతపచ్చ. ఈ పచ్చ ఈనెది తోట మొత్తంలో ఈ గోడ మీద తప్ప లేదు. ఇప్పుడు గోడ పొట్ట ఉబ్బింది. నల్లవి తీసేసి సందులు గట్టిగా పూడ్చమనీ, పచ్చవాటిని మాత్రం ముట్టుకోవద్దనీ తోట చూసుకునే మేడమ్ మరీమరీ చెప్పింది. అవి పోతే మళ్లీ రావు.

పెళ్లయిన కొత్తలో మేస్త్రి ఒకసారి మొదలు మాత్రమే చూసి, అన్నీ నల్లవే అనుకుని పచ్చవాటిని గుత్తులు గుత్తులుగా పీకేశాడు. గోడమ్మ చాలా రోజులు అన్నం పెట్టింది కానీ మాట పెట్టలేదు. ఆ తర్వాత ఈ గోడ మీద ఆవిడ చూడకుండా అతను తాపీ ఎత్తింది లేదు.

ఈసారి ఆవిడ ఎర్ర ఊలుండ ఒకటి పట్టుకుని, పచ్చ ఈనె కనబడిన చోటల్లా ముడి వేస్తూ వస్తోంది. నాలుగు అడుగులు వేసి ఆగుతోంది, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటోంది. గుండె అలిసిపోయింది, పని మానెయ్యమని డాక్టరు చెప్పి చాలాకాలమే అయింది. గోడ పూర్తయ్యాక మానేస్తానంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"కూర్చోవే, నేను కడతాలే" అన్నాడు మేస్త్రి.

"నువ్వా! నీ చేతికిస్తే గోడ మిగులుద్ది, మొక్క మిగలదు."

"ఎప్పటి సంగతే అది?"

"ఎప్పటిదైతే ఏం? మొదలు చూసి మోసపోతావు నువ్వు. కొస దాకా చూడాలయ్యా. అప్పటికీ అనుమానమొస్తే చెయ్యి పెట్టాలి."

చెయ్యి పెట్టడమంటే కుదురు అడుగున తడమడం. నల్లదానికి ఆకులు రాలిపోయినా ఈనెలు రాలవు. బోడిపుల్లలు సూదుల్లా అలాగే నిలబడి వేళ్లకు గుచ్చుకుంటాయి. పచ్చదానికి ఆ పట్టుదల లేదు, ఆకుతోపాటే ఈనె కూడా పోతుంది.

గోడ చివర, మోకాలి ఎత్తులో ఉన్న కుదురుకు ఆఖరి ముడి వేసి గోడమ్మ నడుం పట్టుకుంది. "కాస్త వాలతాను. టీకి లేపు" అని పనిముట్ల గదికి నడిచింది. ఆవిడ గడప దాటేదాకా అతను ఉలి ఆపి చూశాడు.

మధ్యాహ్నం దాటాక మేస్త్రి ఆ చివరి కుదురు దగ్గరికి చేరాడు. ఒకే ఒక్క లేత ఆకు, పచ్చటి ఈనె, దానికి ఊలు ముడి. పక్కన మట్టి తీయబోతే వేలికి చురుక్కుమంది. వంగి చూశాడు. కుదురు అడుగున నల్లటి బోడిపుల్లలు! ఇది నల్లదే. కొత్తగా విచ్చుకున్న ఆకు కాబట్టి ఈనె ఇంకా నలుపెక్కలేదు, అంతే.

మేస్త్రికి పండగైపోయింది. గోడమ్మ తప్పింది! టీ దగ్గర ఏమనాలో కూడా అనేసుకున్నాడు: ఏమే, మొదలు చూశావా, కొస చూశావా? ఆ మాట రెండుసార్లు నోట్లో తిప్పుకుని నవ్వుకున్నాడు. తర్వాత తట్టింది. ఆవిడ చెయ్యి పెట్టి చూడలేదు. అంత కిందికి వంగలేకపోయింది.

నవ్వు ఆగిపోయింది. ఈ మాట ఆవిడకు చెప్పకూడదనుకున్నాడు. ఆ సందు అలాగే వదిలేసి, చేతులు కడుక్కుని, ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోశాడు.

పనిముట్ల గదిలో గోడమ్మ ఖాళీ గోతాల మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఊలుండ గుప్పిట్లోనే ఉంది.

"టీ" అన్నాడు. "ఏమే, చల్లారిపోతుంది."

భుజం మీద చెయ్యి వేశాడు. గ్లాసులు రెండూ కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. ముందు కోపమే వచ్చింది, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిందని. ఆ తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అన్నీ అయిపోయాక, మిగిలిన పని కోసం మళ్లీ గోడ దగ్గరికి వచ్చాడు. మేడమ్ కూడా వచ్చింది. చివరి కుదురు దగ్గర వంగి చూసింది. ఈనె ఈపాటికి కొస దాకా నల్లబడింది.

"మేస్త్రిగారూ, ఇది నల్లదే కదా?"

"తను పచ్చదని కట్టింది మేడమ్."

మేడమ్ మొక్కను చూసింది, ముడిని చూసింది. "అయితే పచ్చదే" అంది.

మేస్త్రి ఆ పక్క రాయి కింద సన్నటి చీలిక రాయి దూర్చి, గోడకు బలం చేశాడు. మొక్క చుట్టూ వేలెడు చోటు వదిలి సున్నం నింపి, వేలితోనే అంచు సర్దాడు. తాపీ కడిగి సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టాడు.

నల్లటి ఈనెకు ఎర్ర ఊలు ముడి, లాగితే ఊడిపోయేంత వదులుగా, అలాగే ఉంది.