ఏ కారుకూ పట్టని తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. నిలబెడితే ఐదేళ్ల పిల్లంత ఉంటాను. నాతో తెరుచుకునే కారు ఇంతవరకూ తయారు కాలేదు. విజయనగరంలో ఫ్లెక్సీలు కట్టే దుకాణంలో నన్ను థర్మోకోల్‌తో కోసి, పైన బంగారు రంగు కాగితం అంటించారు. ఎవరిదో పెద్దకర్మ బోర్డు అప్పుడే తయారైతే, దానితో కలిపి నన్నూ ఆటో ఎక్కించి కార్ల షోరూముకు పంపారు.

నా ఉద్యోగం ఫొటో దిగడం. కారు కొన్నవాళ్లు దండ వేసిన బానెట్ పక్కన నిలబడి నన్ను రెండు చేతులా పట్టుకుని నవ్వుతారు. ఆ పని కాగానే నన్ను మళ్లీ గోడకు తగిలిస్తారు. ఆ గోడ కిందే లోన్ల టేబులు. అక్కడ కూర్చునేవాడు కిరీటి. మర్యాద తెలిసినవాడు. వచ్చినవాళ్లకు ముందు చల్లటి మజ్జిగ ఇప్పించి, తర్వాత ఏడు శాతమే వడ్డీ అంటాడు. ఆ ఏడు, తీరేకొద్దీ తగ్గే బాకీ మీద కాదనీ, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరి వాయిదా దాకా పడుతుందనీ, బ్యాంకు లెక్కలో చూస్తే దాదాపు పదమూడవుతుందనీ అతను ఫోనులో తోటి ఉద్యోగితో అంటుండగా విన్నాను. కొనేవాళ్లతో అనగా వినలేదు.

కొన్నాళ్లకు వాళ్లలో కొందరు తిరిగి వచ్చేవారు. నన్ను పట్టుకుని నవ్విన మొహాలే. చెప్పినదానికంటే వాయిదా ఎక్కువ పడుతోందనీ, అడగని బీమా ఏదో కలిసిందనీ అనేవారు. కిరీటి ఫైలు తీసి కాగితం చూపించేవాడు. సంతకం వాళ్లదే. పైన అంకెలు మాత్రం వేరే చేతిరాత.

ఈ వ్యవహారంలో కిరీటికి ముహూర్తం బాగా కలిసొచ్చేది. మనవాళ్లు ముందు కారు రంగు చూస్తారు, ఆ తర్వాత పంచాంగం చూస్తారు, కాగితాలు తీరిక దొరికితే చూస్తారు. మంచి గడియ దగ్గర పడేదాకా అతను కబుర్లు చెబుతూ కూర్చుని, అప్పుడు లోను కాగితాల కట్ట బయటికి తీసేవాడు. రాహుకాలం వచ్చేస్తోంది, సంతకాలు కానివ్వండి, అంకెలు మేం నింపుకుంటాం అనేవాడు.

ఒక గురువారం పైడిరాజు వచ్చాడు. పదేళ్లుగా ఇంకొకరి కారు కిరాయికి తోలుతున్నవాడు, సొంతానికి తెల్ల కారు చూసుకున్నాడు. భార్య వరహాలు జాకెట్లు కుట్టి కట్టిన చీటీ ఎత్తి, ముందు కట్టవలసిన సొమ్ము తెచ్చింది. ఆ ఇంట్లో ఉన్న డబ్బు అదొక్కటే. వాయిదాలు తప్పితే కారును ఫైనాన్సువాళ్లు పట్టుకుపోతారు, దానితోపాటే చీటీ డబ్బూ పోతుంది. వెనకాల పైడిరాజు తల్లి నూకాలమ్మ కొబ్బరికాయా నిమ్మకాయలూ ఉన్న సంచీతో వచ్చింది. ముహూర్తం పెట్టించింది ఆవిడే.

సమయం చూసి కిరీటి కట్ట తీశాడు. పైడిరాజు పెన్ను అందుకున్నాడు. వరహాలు ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, ఎంత కట్టాలని అడిగింది. నెల వాయిదా ఎంతో కిరీటి చెప్పాడు. నెలకు కాదు, అన్నీ కలిపి అంది. అది కంప్యూటర్లో వస్తుందన్నాడు. అయితే వచ్చాకే సంతకం అంది. పైడిరాజు మొహం మాడిపోయింది. నలుగురిలో పరువు తియ్యకని గొణిగాడు.

కిరీటి తొణకలేదు. నూకాలమ్మ వైపు తిరిగాడు. ఆ వయసు ఆడవాళ్లు ఎప్పుడూ అతని పక్షమే.

"పెద్దమ్మగారూ, గడియ దాటిపోతోంది. కోడలికి మీరైనా చెప్పండి."

అత్తాకోడళ్లకు పెద్దగా పొసగదని, వాళ్లు కుర్చీలు ఎంచుకున్నప్పుడే నాకు అర్థమైంది.

"నాను ముహూర్తం పెట్టించింది బండికి బాబూ," అంది నూకాలమ్మ. "కాళీ కాయితం మీద సంతకానికి మంచి గడియేటి, చెడ్డ గడియేటి? అంకెలెయ్యి. ఎయ్యలేవా, దశమికి వస్తాం."

"దశమికి ఈ ఆఫరుండదండీ."

"పోనీ. దశమి ఉంటాది గదా."

పైడిరాజు గుమ్మం దగ్గర ఆగి తెల్ల కారును చూసుకున్నాడు. చాలామంది సరిగ్గా అక్కడినుంచే వెనక్కి వచ్చి సంతకం పెట్టారు. అతన్ని వరహాలు రెక్క పట్టుకుని లాక్కెళ్లింది.

దశమికి రాలేదు. ఆ తర్వాతి నెలలో వచ్చారు. వరహాలు రెండు బ్యాంకుల చుట్టూ తిరిగిందట. తగ్గే బాకీ మీద వడ్డీ ఎంతో, ఆఖరికి కట్టేది మొత్తం ఎంతో రాసి ఉన్న మంజూరు కాగితం తెచ్చింది. వడ్డీ మరీ తక్కువేం కాదు. ఎంతో తెలుసు, అంతే. తెల్లది అప్పటికే అమ్ముడుపోయి, బూడిద రంగుది మిగిలింది. ఆ రంగు పైడిరాజుకు నచ్చలేదు. అదే తీసుకున్నారు.

ఫొటో తీసేవాడు నన్ను దించి వరహాలు చేతికిచ్చాడు. ఆమె నన్ను వెనక్కి తిప్పి చూసి టేబులు మీద పెట్టేసింది.

"ఇది మీకే ఉండనీ బాబూ. అసలువి ఇవ్వండి. రెండూ."

కారుతో వచ్చే రెండు తాళంచెవుల్లో రెండోది, వాయిదా తప్పితే బండి పట్టుకుపోవడానికి పనికొస్తుందని, సొరుగులోనే ఉంచేసుకోవడం కిరీటికి అలవాటు. తీసి ఇచ్చాడు.

ఇప్పుడు నేను స్టోరు గదిలో పాత బ్యానర్ల మీద ఉన్నాను. నా చోట కొత్త తాళంచెవి వచ్చింది, దానికి లైట్లు కూడా ఉన్నాయట. గోడ అవతల కిరీటి గొంతు వినిపిస్తూనే ఉంటుంది. అతను మారిపోయాడని చెప్పను. ఇప్పటికీ నెల వాయిదాతోనే మొదలుపెడతాడు. కాకపోతే అప్పుడప్పుడు కొందరు పైడిరాజు బండిలో కిరాయికి వచ్చామంటుంటారు. అతను లోపలికి రాడు. దారిలో ఏం చెబుతాడో గాని, వాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే అడుగుతారు, అన్నీ కలిపి ఎంతని.