బజ్జీల బండెక్కిన బూరెల మూకుడు

నేను ఒక బూరెల మూకుణ్ణి. కొలిమిలో ఎర్రగా కాగి, సుత్తి దెబ్బలు తిని ఈ రూపానికి వచ్చాను. కాకినాడ వంటమేస్త్రీ పేరయ్య నన్ను కొన్న నాటి నుంచి ముప్పయ్యేళ్లు పెళ్లిళ్లు తిరిగాను. పెళ్లికొడుకు మొహం మర్చిపోయినా బూరెల రుచిని ఏళ్ల తరబడి చెప్పుకునే మనుషులంటే నాకు భలే ముచ్చట.

పేరయ్య పని మానుకున్నాక నేను అటకెక్కాను. ఆ ఏడే అతని కూతురు సత్యవేణికి పాప పుట్టింది. లలిత అని పేరు పెట్టుకున్నారు. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, పాలు తాగి ఉయ్యాల్లో నిద్రపోయిన పాప మరి లేవలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. వీధిలో మాత్రం మాటలు పుట్టాయి. "పక్కలో వేసుకుని తనే నలిపేసుంటాది" అని పక్కింటి వెంకాయమ్మ అన్న మాట గోడ దాటి నా అటక దాకా వచ్చింది. సత్యవేణి గడప దాటడం మానేసింది.

పిల్లల డాక్టరు నూర్జహాన్ గారు ఇంటికే వచ్చారు.

"అన్నీ చూశాం. నీ తప్పేం లేదమ్మా. బావున్న పసివాళ్లు ఇలా నిద్రలోనే ఎందుకు పోతారో మాకే పూర్తిగా తెలీదు. తెలుసుకుందామని పరిశోధన మొదలెట్టాం. చందాల్లేక నత్తనడక నడుస్తోంది."

సత్యవేణి డాక్టరుగారు వెళ్లగానే నిచ్చెన వేసుకుని నన్ను కిందికి దింపింది.

"నాన్నా, బజ్జీలకి పిండి కలుపు."

ఆదివారం సాయంత్రం పార్కు పక్కన బండి పెట్టారు. వచ్చే డబ్బు పసివాళ్లు నిద్రలో ఎందుకు పోతున్నారో తేల్చే పరిశోధనకనీ, అలా పోవడం ఎవరి తప్పూ కాదనీ బోర్డు మీద రాశారు. చందా ఇవ్వమంటే తల గోక్కునేవాళ్లు మిరపకాయ బజ్జీ అనగానే వరస కట్టారు. ఆ వరసలో వెంకాయమ్మ కూడా వచ్చింది. బోర్డు రెండుసార్లు చదివింది.

"అమ్మాయీ, ఇది నిజవేనా? ఎవరి తప్పూ కాదా?"

"డాక్టరుగారే చెప్పారు పిన్నిగారూ."

"మా సూరిబాబు మూడో నెల్లో ఇలాగే పోయాడు. నలభై రెండేళ్లయింది. నా పాలే విషవన్నారు. నేనూ నమ్మేశాను. ఆ నోటితోనే నిన్నూ అన్నాను."

సత్యవేణి మొహంలోకి కోపం వచ్చింది, కాసేపు నిలిచింది. ఆపైన కళ్లు తుడుచుకుని పక్కకి జరిగింది, ఇంకొకరు నిలబడేంత చోటిచ్చి.

"మాడిపోతన్నాయర్రా!" అని అరిచాడు పేరయ్య. వెంకాయమ్మ కొంగు బిగించి జల్లిగరిటె అందుకుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వామెంత వెయ్యాలో ఆవిడకీ పేరయ్యకీ జగడమే. వరసలో నిలబడి విన్నవాళ్లలో ఇలాగే బిడ్డని పోగొట్టుకున్న ఇంకో ఇద్దరు తల్లులు వచ్చి ఉల్లిపాయలు తరుగుతున్నారు. లలిత ఎలా నవ్వేదో, సూరిబాబు ఎలా గుప్పిళ్లు బిగించేవాడో గట్టిగానే చెప్పుకుంటారు. నవ్వుతారు కూడా. మొన్న నూర్జహాన్ గారు వచ్చి, పని ముందుకు సాగుతోందని చెప్పి, నాలుగు బజ్జీలు తిని వెళ్లారు.

కారణం ఇంకా తేలలేదు. నూనె కాగుతోంది, రండి.