గజ్జెల్ని మింగేసిన ఎర్ర జత

తప్పెట వినబడుతోంది సరే, గజ్జెలేవి, కాళ్ళకు గజ్జెలు కట్టకుండా తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా, నిరుడు జాతరలో తన ఫోనుతో తానే రికార్డు చేసిన ఆట ఇది, పద్నాలుగు మంది ఆటగాళ్ళు, పద్నాలుగు జతల గజ్జెలు, అన్నింటినీ ఈ ఎర్ర ఇయర్‌బడ్ నమిలి మింగేసింది, అనుకున్నాడు గురువులు, కూర్మన్నపాలెంలో తన ఇంటి హాలు మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, ఎర్ర జతలోది ఎడమ చెవిలోనూ నల్ల జతలోది కుడి చెవిలోనూ పెట్టుకుని, ఎందుకంటే రెండు కూరల్లో ఏది బాగుందో చెప్పమంటే రెండూ ఒకే కంచంలో వడ్డించుకోవాలి గానీ ఒకటి పొద్దున తిని ఇంకొకటి రాత్రి తింటే ఏం తెలుస్తుంది, ఒకే ఫోను రెండు జతలకూ పాట పంపుతుందని మధురవాడ నుంచి కూతురు జ్యోతిర్మయి వీడియో కాల్లో చూపించింది కూడా, రెండూ తెప్పించాను నాన్నా, నచ్చింది ఉంచుకో, రెండోది కంపెనీవాళ్ళు ఐదింటికి వచ్చి పట్టుకెళ్ళిపోతారు, నీ చెవికి తెలియనిదేముంది, అంది, అవును మరి, ఏముంది, స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పొడుగు స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి, ఈ బేరింగు పది రోజులు కూడా ఆగదు అని చెప్పేస్తే సరిగ్గా తొమ్మిదో రోజున అది పోవలసిందే, తోటి ఫిట్టరు దాలయ్య అయితే అది సెవి కాదు బావా, ఎక్స్‌రే మిషను, అని క్యాంటీన్లో అందరి ముందూ అంటాడు, ఊరికే అనలేదు, సోమవారం నుంచి కొత్తగా చేరిన ఎనిమిది మందికి ఆ వినే విద్య నేర్పమని ఆర్డరే వచ్చింది, ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అతని చెవి ఆఫీసు కాగితానికి ఎక్కడం ఇదే మొదలు, అలాంటి చెవి ముందా ఈ ఎర్రదాని కుప్పిగంతులు, అందుకే వాట్సాప్‌లో కూతురికీ దాలయ్యకీ గొంతు సవరించుకుని మరీ వాయిస్ పంపాడు, ఎర్రది ఒట్టి తవుడు, గజ్జెలన్నీ మింగీసింది, నల్లదే నల్లది, అని, అంతటితో ఆగితే గురువులెలా అవుతాడు, కొన్నచోట అభిప్రాయం రాయమంటే ఎర్రదానికి ఐదు చుక్కల్లో ఒక్క చుక్క ఇచ్చి, ఆ ఒక్కటీ రంగు బాగున్నందుకు, అని రాశాడు.

ఏటి మావా, ఇంకా అవ్వనేదా నీ పెళ్ళిసూపులు, అంటూ భార్య నూకాలు టీ తెచ్చింది, ఉండవే, అయిపోనాది, పిల్ల కుదిరింది, నల్లపిల్ల, అంటూ బడ్స్ రెండూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, టీ తాగాడు, నల్లదాన్ని ఇంకోసారి విని మురిసిపోదామని మళ్ళీ పెట్టుకున్నాడు, తీరా చూస్తే గజ్జెలు మోగుతున్నాయి గానీ ఎర్రదాంట్లో, ఘల్లుఘల్లుమని పద్నాలుగు జతలూ, నల్లదేమో నోరు కట్టేసినట్టు ఒట్టి తప్పెట, ఇదేం మాయరా, ఛార్జింగ్ దిగిపోయిందా, నల్లదాన్ని డబ్బాలో పెట్టి మూడు నిమిషాలు ఆగి తీశాడు, అదే తంతు, అప్పుడు తెలిసింది తొందరలో తారుమారుగా పెట్టుకున్నానని, చెవులు మార్చాడు, గజ్జెలు నల్లదాంట్లోకి దూకేశాయి, మళ్ళీ మార్చాడు, ఎర్రదాంట్లోకి దూకేశాయి, అన్నీ తీసేసి బొటనవేలూ చూపుడువేలూ కుడి చెవి పక్కన రుద్దాడు, బియ్యం చెరిగినట్టు సన్నగా వినబడింది, ఎడమ చెవి పక్కన రుద్దాడు, ఇంకాస్త గట్టిగా రుద్దాడు, వేళ్ళు వేడెక్కాయి గానీ చప్పుడు రాలేదు, తప్పెటలాంటి మోటు చప్పుడు తప్ప సన్నవేవీ ఆ చెవికి అందడం లేదన్నమాట.

అయితే ఆడలేక మద్దెల ఓడన్నది నేనా, అనుకున్నాడు, సోమవారం ఎనిమిది మంది పిల్లలు వరసగా నిలబడితే వాళ్ళకు చెవిటి గురువా, మిల్లుకు ఎడమ చెవి అప్పగించి నిలబడ్డవి ఇరవై ఆరేళ్ళు, ప్లాంటువాళ్ళు ఇచ్చిన చెవి బిరడాలు ఇప్పటికీ చొక్కా జేబులోనే, పెట్టుకుంటే మిషను మాట ఎలా వినబడుతుందని పొగరు, స్క్రూడ్రైవర్ తెచ్చి ఫ్రిజ్‌కు ఆనించాడు, కుడి చెవికి లోపలి మోటారు తిరగడం, ఎక్కడో చిన్న రాపిడి, అన్నీ పూసగుచ్చినట్టు వినబడ్డాయి, పోనీలే, ఎక్స్‌రే మిషను ఉంది, ఒక కన్నే పోయింది, నవ్వొచ్చింది, ఎర్రదానికి ఇచ్చిన ఒక్క చుక్కా చెరిపేసి ఐదూ వెలిగించాడు, సోమవారం మొదటి పాఠం బేరింగు కాదు, జేబులోని బిరడాలే, అవి చూపించి ముందు తన ఎడమ చెవి సంగతే చెప్పాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, కానీ నూకాలుకు ఎలా చెప్పడం, కంగారు పడుతుందేమో, మెల్లగా చెప్పాలి.

వంటింట్లోకి వెళ్ళాడు, నూకాలూ, నీకో మాట సెప్పాల, అన్నాడు, ఆమె అప్పుడు అతనికి ఎడమ పక్కన గట్టు దగ్గర చేపలు కడుగుతోంది, చేతులు తుడుచుకుని, అతని వెనక నుంచి చుట్టూ తిరిగి, కుడి పక్కకు వచ్చి నిలబడి, ఏటి మావా, అంది, ఇంత చిన్న వంటింట్లో అంత దూరం తిరిగి రావడం ఎందుకు, ఓలమ్మా, నీకు తెలుసేటే, అన్నాడు, ఏటి, నీ ఎడం సెవా, ఆరేళ్ళయిపోనాది, అంది ఆమె, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత తేలిగ్గా, మరి సెప్పవేం, అన్నాడు, సెప్పినాను, రెండుసార్లు, ఎడం పక్క నుంచే సెప్పినాను, నీకు ఇనబడ్నేదు, సెవిటోడి ముందు సెంకం ఎన్నాళ్ళూదుతాను, సోటు మార్సీసుకున్నాను.

చోటు మార్చుకుంది, అవును, మంచం మీద కుడి వైపు కావాలని మూడు రోజులు పోట్లాడింది, ఫ్యాను గాలి కోసమంది, మొండిదానివి అని తిట్టాడు, స్కూటర్ మీద కుడి భుజం మీదుగానే వంగి మాట్లాడుతుంది, పెళ్ళిభోజనాల్లో పక్క మనిషిని లేపి మరీ కుడి పక్కన కూర్చుంటుంది, పదిమందిలో ఆ అలవాటు చూసి సిగ్గుపడ్డాడు కూడా, మరి తనేమో ఇంట్లో ఏ మాటా తప్పిపోవడం లేదు, చెవి భేషుగ్గా ఉంది అనుకుంటూ ఆరేళ్ళు మీసం తిప్పాడు, రెండోది పట్టుకెళ్ళేవాళ్ళ బండి గేటు దగ్గర ఆగిన చప్పుడు, నూకాలు రెండు జతలనూ మార్చి మార్చి పెట్టుకుని వింటోంది, ఏది ఉంచాలో ఇక ఆమే చెబుతుంది, గజ్జెలకు ఆమె పాదం కదులుతోంది, గురువులు చూస్తూ నిలబడ్డాడు, ప్లాంటు మొత్తం మెచ్చుకున్న తన చెవి పక్క మనిషి పడుతున్న శ్రమను ఒక్కసారైనా వినలేదు, ఆరేళ్ళుగా తన చెవిన పడిన ప్రతి మాటనూ ఆమే చుట్టూ తిరిగి వచ్చి అక్కడ పెట్టి వెళ్ళింది.