నాన్న రాయని బాణీ

నాన్న తన బాణీని ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టలేదు. రికార్డు చెయ్యనివ్వనూ లేదు. సంగీతం బడిలో ఏళ్ల తరబడి వయొలిన్ నేర్పిన మనిషికి రాయడం రాక కాదు, ఒట్టి మొండితనం. "కాగితం మీద ఉండేది చిరునామానే తల్లీ, ఇల్లు కాదు. ఎవరూ వాయించకపోయినా బాణీ ఉంటుంది," అనేవాడు. "ఉంటుంది లెండి, మీ కళ్లజోడులాగా. ఎక్కడుందో మాత్రం నేను వెతికిపెట్టాలి," అనేది అమ్మ పియానో దగ్గర నుంచి.

ఆ బాణీని ఇద్దరూ ఇంట్లోనే వాయించుకునేవారు. ఆయన వయొలిన్‌తో ముందు, ఆమె పియానోతో వెనక. కూతురు వింటూ పెరిగిందే గాని, ఎప్పుడూ ఉండేదే కదా అని చెవిన పెట్టలేదు. నాన్న పోయాక అమ్మకు మతిమరుపు ముదిరింది. కూతురి పేరు నోటికి రావడం మానేసింది. అయినా ఒకరోజు ఒంటరిగా పియానో ముందు కూర్చుని, నాన్న బాణీకి తాను వెనక వాయించే భాగం మొత్తం వాయించింది. కూతురికి ప్రాణం లేచొచ్చింది. దాని మీద సరిగ్గా అతికేలా బాణీని ఊహించి పట్టుకుంటే నాన్నది దక్కినట్టేనని నాన్న వయొలిన్ అందుకుంది.

ఆఫీసు నుంచి వస్తూనే అమ్మను పియానో ముందు కూర్చోబెట్టి అదే పని. ఊహించిన మలుపు కింద అమ్మ స్వరాలు ఇమిడితే, అది సరైనదని ఖాయం చేసుకునేది. చలికాలమంతా అన్నీ ఇమిడాయి. అనుమానం రావలసింది అక్కడే. ఆశ ముందు అనుమానం ఎక్కడ నిలుస్తుంది!

ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగాయి. వాయిస్తున్న కూతురు ఉలిక్కిపడింది. వయొలిన్ కమాను జారి ఏదో స్వరం మీద పడింది. అమ్మ రెప్ప కూడా వెయ్యలేదు. ఆమె చేతులు ఆ తప్పు కిందకు జరిగి, కావాలని వాయించినట్టే సర్దేశాయి.

కూతురికి అప్పుడు తగిలింది అనుమానం. పాలు మాడుతున్నా కదల్లేదు. ఈసారి చేతికొచ్చింది వాయించింది. అదీ ఇమిడింది. సంగీతం పరీక్షలకు వచ్చే పిల్లల వెనక పియానో వాయించడం అమ్మ ఒకప్పటి ఉద్యోగం. పిల్ల దారి తప్పితే తానూ తప్పి, ఆ తప్పు బయటపడకుండా కాయాలి. ఇన్నాళ్లూ కూతుర్నీ అలాగే కాసింది.

"అమ్మా, ఇది నాన్నదేనా?"

"నీదేగా! బాగా కట్టావమ్మా," అంది అమ్మ మురిసిపోతూ. "మీ నాన్నది వేరే."

 కూతురు వయొలిన్ పెట్టెలో పెట్టేసి, దూరంగా నేల మీద కూర్చుంది.

"నేను వాయించనమ్మా. నాన్నది నువ్వొక్కదానివే వాయించు. మొదట్లో వాయించావు చూడు, అలాగ."

అమ్మ చేతులు మీటల మీద కాసేపు ఆగి, కదిలాయి. వచ్చినవన్నీ కూతురు కల్పించిన మలుపులే. కమాను జారిన చోటు కూడా పొల్లుపోకుండా వచ్చింది. అడుగున నాన్నది ఏమైనా మిగిలిందేమోనని కూతురు చెవులు రిక్కించింది. ఏమీ లేదు. ఆ మొదటి రోజుల్లో ఊరికే కూర్చుని విన్నా ఎంతో కొంత దక్కేది. అమ్మ జ్ఞాపకంలోంచి దాన్ని చేతులారా తానే తుడిచేసింది.

"విన్నావా? ఇదీ మీ నాన్నది," అంది అమ్మ. "ఇప్పుడైనా నేర్చుకో తల్లీ. నాకేమైనా అయితే ఇది తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు."

"సరేనమ్మా," అంది కూతురు.